పేరు రాస్తే ఉద్యోగం పోతుంది, రాయకపోతే అర్జీ పోతుంది: మన ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఒక జిరాక్స్ షాపు మనిషి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ లోక్‌సభ సభ్యులు 17 మందికి, రాజ్యసభ సభ్యులు ఏడుగురికి, శాసనసభ్యులందరికీ, సచివాలయంలో ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పెద్దలకు,

నమస్కారం. సూటిగా విషయానికి వస్తా. సర్కారీ ఆఫీసుల్లో అక్రమాల మీద ఫిర్యాదు చేసినవాళ్ల పేరు దాచాలని, వాళ్లకి రక్షణ కావాలని రెండుసార్లు స్పీడ్ పోస్ట్‌లో అర్జీ పంపాను. రెండూ చేరినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. చేరాక ఏమయ్యాయో చెప్పే ట్రాకింగ్ మాత్రం ఇంకా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా.

నేను నల్లకుంటలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తా. అంతకు ముందు ఆరేళ్లు ఒక సర్కారీ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్‌ని. సంక్షేమ హాస్టళ్ల డైట్ బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. ఏ హాస్టల్, ఏ శాఖ, ఏ సారు అన్నది ఇక్కడ రాయను. ఎవరినో బజారుకీడ్చాలని కాదు ఈ లేఖ. ఆ సారు కాకపోతే ఇంకో సారు వస్తాడు, పద్ధతి అదే ఉంటుంది, నా బాధ ఆ పద్ధతి గురించి.

ఒక ఫిబ్రవరిలో కూర్చుని జనవరి నెల బిల్లులు కొడుతున్నా. 13, 14, 15 తేదీల ఎదురుగా హాజరు 143, గుడ్లు 143, అరటిపండ్లు 143. అంటే భోగి, సంక్రాంతి, కనుమ. మా అక్క కొడుకు ఆ హాస్టల్లోనే ఉండేవాడు. ఆ మూడు రోజులూ వాడు మా డాబా మీద గాలిపటాలు ఎగరేశాడు, మాంజాకి వేలు తెగితే నేనే తీసుకెళ్లి కట్టు కట్టించా. హాస్టల్‌కి తాళం వేసి ఉంది. ఎందుకో అనుమానమొచ్చి హాజరు రిజిస్టర్ తెప్పించి చూస్తే వాడి పేరు ఎదురుగా కూడా మూడు టిక్కులు! మా మేనల్లుడు మా డాబా మీదా ఉన్నాడు, హాస్టల్ మెస్సులోనూ ఉన్నాడు, పైగా మూడు గుడ్లు కూడా తిన్నాడు. వెనక్కి వెళ్లి దసరా సెలవులు చూశా. అదే వరస.

గుడ్డు ఎంత, ఆరేడు రూపాయలు. దానికింత లొల్లి ఎందుకని మా ఆవిడే అడిగింది. నిజమే, ఒక గుడ్డుకి లొల్లి అక్కర్లేదు. కానీ సెలవు రోజుల్లో తాళం వేసిన హాస్టల్లో ఇంత తిన్నారంటే, పిల్లలు ఉన్న రోజుల్లో వాళ్ల కంచంలో ఏం పడుతోందో అని నాకు నిద్ర పట్టలేదు. వాడిని అడిగితే 'గుడ్డు వారానికి రెండుసార్లు పెడతారు మామా' అన్నాడు. బిల్లులో మాత్రం అంతకు రెట్టింపు ఉంది.

పై ఆఫీసుకి ఫిర్యాదు రాశా. పేరు, సెల్ నంబర్, సంతకం అన్నీ పెట్టా. చివర్లో 'దయచేసి నా పేరు గోప్యంగా ఉంచగలరు' అని రాసి, దాని కింద స్కేలు పెట్టి గీత గీసి మరీ కవర్ అతికించా.

తొమ్మిదో రోజు మా సారు లోపలికి పిలిచారు. టేబుల్ మీద నా ఫిర్యాదు జిరాక్స్ కాపీ. నా సంతకం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. మార్జిన్‌లో 'పరిశీలించి తగు చర్య తీసుకోగలరు' అని పై ఆఫీసు వాళ్ల ఎండార్స్‌మెంట్. పేరు గోప్యంగా ఉంచమన్న వాక్యం, దాని కింద నేను గీసిన గీత, రెండూ జిరాక్స్‌లో చక్కగా వచ్చాయి. సారు కోప్పడలేదు. 'ఏం బాబూ, మాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా' అన్నారు, అంతే. నెలాఖరుకి ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది: 'అన్నా, ఒకటో తారీఖు నుంచి రావద్దన్నరు.' ఎందుకంటే, 'పైనుంచి చెప్పిన్రు.' ఒక్క కాగితం ఇవ్వలేదు. తీసేసినట్టు కాగితమే లేకపోతే ఏ కోర్టులో ఏమని వాదిస్తాం? అక్క కూడా భయపడి పిల్లాడిని హాస్టల్ మాన్పించి ఇంటికి తెచ్చేసుకుంది. ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడదు.

షాపులో గిరాకీ లేని టైమ్‌లో ఈ చట్టాల గురించి చదవడం అలవాటైంది. చదివాక అర్థమైంది ఏంటంటే, నాకు జరిగింది కొత్తేం కాదు. సత్యేంద్ర దూబే అని ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు, జాతీయ రహదారుల సంస్థలో ఉద్యోగం, స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాలు చూసి 2002 నవంబర్‌లో ఏకంగా ప్రధాని కార్యాలయానికే రాశాడు. తన పేరు బయటపెట్టొద్దని అడిగాడు. ఆ లేఖ ప్రధాని కార్యాలయం నుంచి మంత్రిత్వ శాఖకి, అక్కడి నుంచి ఆయన పనిచేసే సంస్థకి, పేరుతో సహా తిరిగింది. 2003 నవంబర్ 27 తెల్లవారుజామున గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని తేలింది, శిక్షలు పడ్డాయి, అది వేరే కథ. పేరు దాచమన్న మనిషి పేరుని ప్రభుత్వమే టేబుల్ టేబుల్‌కి తిప్పిందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. తర్వాత రెండేళ్లకి, 2005 నవంబర్‌లో, యూపీలోని లఖీంపూర్ ఖేరీ దగ్గర కల్తీ పెట్రోల్ బంకును మూయించిన ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ని కాల్చి చంపారు. వీళ్ల ముందు నా సంగతెంత, నాకు పోయింది ఉద్యోగమొక్కటే.

దూబే హత్య తర్వాత సుప్రీంకోర్టు అడిగితే, 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి మీద ఎవరైనా కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి అతికించిన కవర్లో ఫిర్యాదు పంపొచ్చు, కవర్ మీద పేరు రాయకూడదు, లోపల రాయాలి, కమిషన్ ఆ పేరు దాచాలి. మంచిదే. కానీ అది కేంద్రం వాళ్లకి మాత్రమే. మా హాస్టల్ గుడ్లు దాని కిందికి రావు.

ఇక అసలు చట్టం. విజిల్ బ్లోయర్స్ (అంటే లోపలి అక్రమాలు చూసి బయటపెట్టేవాళ్లు) రక్షణ చట్టం 2011 డిసెంబర్‌లో లోక్‌సభలో, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో పాసైంది. 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం పడింది. మన తెలంగాణ రాష్ట్రం పుట్టింది జూన్ 2న. అంటే ఈ చట్టం మన రాష్ట్రం కన్నా 24 రోజులు పెద్దది. ఈ లోపు రాష్ట్రానికి జిల్లాలు 10 నుంచి 33 అయ్యాయి, కొత్త సచివాలయం కట్టుకున్నాం, రెండుసార్లు అసెంబ్లీకి ఓట్లేశాం. చట్టం మాత్రం ఇప్పటికీ అమల్లోకి రాలేదు! మొదటి సెక్షన్‌లోనే ఒక లైను ఉంది, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన తేదీ నుంచి అమలు అని. ఆ తేదీ వేయలేదు, అంతే. మధ్యలో 2015 మేలో దీనికి కోతలు పెడుతూ ఒక సవరణ బిల్లు తెచ్చారు, పది రకాల సమాచారం గురించి అసలు నోరే విప్పకూడదన్నారు. అది లోక్‌సభలో పాసై, రాజ్యసభలో ఆగి, 2019లో ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. సవరణ పోయింది, అసలు చట్టమూ రాలేదు.

పార్టీల పేర్లు నేనెందుకు ఎత్తడం లేదంటే, బిల్లు పెట్టిన వాళ్లూ దిగిపోయారు, తర్వాత వచ్చిన వాళ్లూ తేదీ వేయలేదు. ఈ ఒక్క విషయంలో అందరికీ మంచి ఐకమత్యం ఉంది.

జనం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే 'ప్రజలు అడగడం లేదు కదా' అని మీరు అనొచ్చు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అవినీతిని బయటపెట్టిన వాళ్ల వీడియో వస్తే యాభై చప్పట్ల బొమ్మలు పడతాయి. అదే గ్రూపులో ఉన్న మనుషులు నా ఉద్యోగం పోయిందని తెలిశాక నాతో అన్న మాటలు 'నీకెందుకన్నా', 'ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఇదే', 'ఉన్న చోట సర్దుకుపోవాలె'. మన పేపర్లలో విజిల్ బ్లోయర్‌ని 'ప్రజావేగు' అంటారు. వేగు అంటే గూఢచారి. మంచి పని చేసినవాడికి మనం పెట్టుకున్న పేరులోనే ఒక దొంగచూపు ఉంది! చిన్నప్పుడు క్లాసులో చాడీలు చెప్పేవాడిని ఎలా చూసేవాళ్లమో పెద్దయ్యాక ఆఫీసులోనూ అలాగే చూస్తున్నాం. అయితే జనానికి ఇది వద్దని మాత్రం కాదు. పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఒకతను ఆ మధ్య చాయ్ బండి దగ్గర కనబడ్డాడు. నా వైపు చూడలేదు, పలకరించలేదు. నేను డబ్బులివ్వబోతే బండి అతను 'ఇందాక ఆ అన్న ఇచ్చి పోయిండు' అన్నాడు. జనాభిప్రాయం అంటే నాకు తెలిసింది అదీ. చాయ్‌కి డబ్బులిస్తారు, మాట్లాడరు. వాళ్లకి నా మీద కోపం లేదు, రేపు తమకేమవుతుందోనన్న టెన్షన్ ఉంది. అది పోగొట్టాల్సింది మీరు.

ఇది ఆఫీసుల గొడవ అనుకోకండి. మామూలు జనానికి ఎక్కడ తగులుతుందో నాకు తెలిసినంత వరకు రాస్తా.

1. హాస్టల్ పిల్లలు. 2024లో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు, సంతోషం, ఎన్నాళ్ల నుంచో పెంచాల్సింది. కానీ లెక్క రాసేవాడు, లెక్క చూసేవాడు ఒకటైపోతే పెంచిన 40 శాతం ఎవరి కడుపులోకి పోతుంది? కంచే చేను మేస్తుంటే చూసినవాడు చెప్పాలి. చెప్పినవాడిని పీకేస్తే ఇంకెవరు చెప్తారు? పిల్లలు అర్జీలు రాయలేరు.

2. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, వాటి పక్కన బతికేవాళ్లు. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు రాత్రిపూట నాలాలోకి ఏం వదులుతున్నారో, ఏ మెషీన్ ఎప్పటి నుంచి వేడెక్కుతోందో ముందు తెలిసేది లోపల పనిచేసేవాడికే. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్లు. అలాంటి చోట ఒక కాంట్రాక్టు కార్మికుడికి మెషీన్ చూసి భయమేస్తే, తెలుగు రాదు, సూపర్‌వైజర్‌కి చెప్తే రేపు గేటు దగ్గరే ఆపేస్తాడు, మరి ఎవరికి చెప్పాలి? 2014 చట్టం అమల్లోకి వచ్చినా ప్రైవేటు కంపెనీలు దాని కిందికి రావు. 2013 కంపెనీల చట్టంలో ఫిర్యాదుల ఏర్పాటు ఉండాలన్నారు, అదీ స్టాక్ మార్కెట్‌లో ఉన్నవాటికి, డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకుల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చినవాటికి. గల్లీలో ఉన్న చిన్న యూనిట్‌కి ఏదీ లేదు.

3. మందులు వేసుకునేవాళ్లు, అంటే మనమందరం. దినేశ్ ఠాకూర్ మన ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివినాయన. రాన్‌బాక్సీ కంపెనీలో మందుల పరీక్షల డేటాలో మోసం ఉందని బయటపెట్టాడు. 2013లో ఆ కంపెనీ నేరం ఒప్పుకుని 500 మిలియన్ డాలర్లు కట్టింది, ఆయనకి అందులోంచి సుమారు 48 మిలియన్ డాలర్లు వచ్చాయి. ఇదంతా అమెరికాలో, అమెరికా చట్టం కింద. ఇదే మనిషి ఇదే మాట ఇక్కడ చెప్పుంటే ఏమయ్యేదో ఊహించుకోండి, నేను మాత్రం నా పక్కన ఇంకో జిరాక్స్ మెషీన్ ఊహించుకున్నా.

4. పన్ను కట్టేవాళ్లు. నల్లధనం, బినామీ ఆస్తుల గురించి సమాచారమిస్తే ఆదాయపు పన్ను శాఖ 2018 నుంచి బహుమతులు ఇస్తోంది, విదేశీ నల్లధనమైతే 5 కోట్ల దాకా. అంటే సర్కారుకి రావాల్సిన డబ్బు గురించి చెప్తే బహుమతి. సర్కారు నుంచి పోతున్న డబ్బు గురించి చెప్తే 'ఒకటో తారీఖు నుంచి రావద్దు'.

5. నాలాంటి అవుట్‌సోర్సింగ్ వాళ్లు. ఈ రోజుల్లో సర్కారీ ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చునేది ఎక్కువగా వీళ్లే, అంటే తప్పుడు లెక్క మొదట కళ్ల పడేది వీళ్లకే. 2014 చట్టంలో వేధింపులకు గురైన పబ్లిక్ సర్వెంట్‌ని తిరిగి పాత స్థానంలో పెట్టమని ఆదేశించే అధికారం రాశారు. ఏజెన్సీ మనిషి ఆ మాట కిందికి వస్తాడో రాడో లాయర్లు కొట్లాడుకోవాలి.

ఏసీబీ 1064 నంబర్ ఉంది కదా అంటారు. ఉంది, బాగా పనిచేస్తుంది కూడా, ఎవరైనా లంచం అడిగితే కచ్చితంగా చేయండి. ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు దాస్తామని వాళ్లే చెప్తున్నారు. కాకపోతే లంచం అడిగినవాడిని నోట్లతో పట్టుకోవడం ఒక ఎత్తు, నెలల తరబడి రిజిస్టర్లలో జరిగే మోసం ఇంకో ఎత్తు. మా గుడ్ల లెక్కలో నన్ను ఎవరూ లంచం అడగలేదు.

తప్పుడు ఫిర్యాదులతో నిజాయితీపరులైన అధికారుల్ని సతాయిస్తారన్న భయం కూడా మీకు ఉండొచ్చు. ఉంటుంది, నేను కాదనను, షాపులో కక్షతో రాసిన అర్జీలు రోజూ చూస్తూనే ఉన్నా. దానికి జవాబు చట్టంలోనే ఉంది. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేస్తే రెండేళ్ల దాకా జైలు, 30 వేల దాకా జరిమానా. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవాడికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. రెండు వైపులా కత్తి పెట్టే రాశారు. ఒరలోంచి తీయలేదు, అదే నా బాధ.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతా.

1. ఎంపీలు 24 మందీ, ఏ పార్టీ వాళ్లైనా సరే, వచ్చే సమావేశాల్లో ఒకే ప్రశ్న వేయండి: 2014 చట్టం అమలు తేదీ ఎప్పుడు? కోతలేమీ లేకుండా, రాష్ట్రపతి ఆమోదించిన రూపంలోనే కావాలి.

2. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. చట్టం లేనప్పుడు 2004లో కేంద్రం ఒక తీర్మానంతో పని మొదలుపెట్టింది, మీరు ఒక జీవోతో మొదలుపెట్టొచ్చు. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాళ్ల దగ్గరికే పేరుతో సహా పంపడం ఆపండి. పేరున్న కాగితం ఒక్క చోట, విజిలెన్స్ కమిషన్‌లోనో ఇంకెక్కడో, బీరువాలో ఉండాలి. కిందికి పోయేది పేరు తీసేసి టైపు చేసిన ప్రతి మాత్రమే. దీనికి ఖర్చు ఏముంది? ఒక టైపిస్టు. నేనే వచ్చి చేసిపెడతా.

3. పేరు లీక్ చేసినవాడి మీద చర్య ఉండాలి. నా కాగితం మీద ఎండార్స్‌మెంట్ వేసినాయన సంతకం ఇప్పటికీ ఆ ఫైల్లో ఉండే ఉంటుంది, ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బహుశా ఆయన తప్పు చేస్తున్నానని కూడా అనుకోలేదు, వచ్చిన కాగితం కిందికి పంపడమే కదా పని. నాకు ఎక్కువ భయం వేసేది అక్కడే.

4. ఫిర్యాదు చేసిన ఏడాది లోపు అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు మనిషిని తీసేయాలంటే రాతపూర్వకంగా కారణం చెప్పాలి. ఆ కారణం నిజమని రుజువు చేయాల్సింది ఆఫీసే.

5. ఫ్యాక్టరీ కార్మికులకి తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో ఒక నంబర్. ఫోన్ చేసినవాడి పేరు యజమానికి చేరదన్న హామీ గేటు మీద బోర్డు రాసి పెట్టండి.

పేరు లేని ఫిర్యాదుల సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. 2004 తీర్మానం వాటిని తీసుకోదు, 2014 చట్టమూ తీసుకోదు. ఊరకే రాళ్లు వేసేవాళ్లు ఎక్కువవుతారని అనుకోవచ్చు. కానీ 2008 డిసెంబర్‌లో మన సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో తేడా ఉందని ఒక డైరెక్టర్‌కి వచ్చిన ఈమెయిల్ మారుపేరుతో వచ్చిందే. నెల తిరక్కుండా 2009 జనవరి 7న ఛైర్మనే తప్పు ఒప్పుకున్నారు. పేరు లేకపోయినా కాగితాలు గట్టిగా ఉంటే చూడాలన్నది నా ఉద్దేశం.

పోయిన వారం మా షాపుకి ఒకామె వచ్చింది. రెండు పేజీల అర్జీ, గుండ్రటి చేతిరాత. ఎక్కడ పనిచేస్తుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రెండో పేజీ చివర పేరు, సంతకం ఉన్నాయి. 'అన్నా, ఇది తీసేసి మొదటి పేజీ ఒక్కటే పంపితే చూస్తారా?' అని అడిగింది. పేరు లేకపోతే పక్కన పడేస్తారమ్మా అన్నా. మరి పేరు ఉంటే? అంది. నేను జవాబు చెప్పకుండా మెషీన్ మూత తెరిచి అద్దం తుడిచా. కాసేపు నిలబడి, మొదటి పేజీ మాత్రం కాపీ తీయించుకుని, రెండు రూపాయలిచ్చి, రెండో పేజీ నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుని వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ వస్తే ఏం చెప్పాలో మీరు రాసి పంపండి.

ఇట్లు,
నల్లకుంట జిరాక్స్ షాపు మనిషి,
హైదరాబాద్

తా.క. నా పేరు కావాలంటే కవర్లో పెట్టి అతికించి ఇస్తా. ఎవరి చేతికి ఇవ్వాలో, వాళ్లు దాన్ని ఎక్కడ దాస్తారో ముందు చెప్పండి.